ముప్పై సెకన్ల వన్స్‌మోర్

(విజయవాడలో వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి. తెర మీద ఫ్రేములు చూపించాలి, అక్కణ్నుంచి సరిగా కనపడవు.

పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కి ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారనుకోండి. ఒకాయన ఫోన్లో ఎవరో అభిమాని చేసిన 30 సెకన్ల మాషప్, అంటే సినిమా ముక్కలు ఏరి పాట మీద పేర్చిన వీడియో, చూస్తున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. పక్కాయనకు చూపించాడు. ఆయన చూసి, "బాగుందండీ" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. వీడియో అదే, ఫోను అదే, పాట అదే. మరి తేడా ఎక్కడ? మొదటాయన ఆ సినిమా చూశాడు, రెండో ఆయన చూడలేదు.

ఇవాళ నేను చెప్పేదంతా ఆ తేడా గురించే. ఎడిట్లో గుండెను తాకే సరుకు సగానికి పైగా చూసేవాడి దగ్గరే ఉంటుంది. సినిమా చూసిన రోజున అది అతని లోపల దిగింది, అక్కడే ఉండిపోయింది. మనం దాన్ని తట్టి లేపుతాం, అంతే. అందుకని ఎక్కడ తట్టాలో, తట్టాక ఎంతసేపు చెయ్యి ఆపుకోవాలో ముందు తెలియాలి. బొమ్మను ఊపే షేకులూ, ఫ్లాషులూ, షాట్ నుంచి షాట్‌కు మార్చే ట్రాన్సిషన్లూ ఆ తర్వాతి సంగతి.

మన జిల్లాలకు ఈ పని కొత్తదేం కాదు. పౌరాణిక పద్యనాటకాలు చూసిన పెద్దవాళ్లను అడగండి. రాయబారం సీన్లో కృష్ణుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి దించగానే జనంలోంచి "వన్స్‌మోర్" అని కేక పడేది. కథ అక్కడే ఆగేది. నిండు కౌరవ సభ కదలకుండా కూర్చునేది, కృష్ణుడు అదే పద్యం మళ్లీ అందుకునేవాడు. తర్వాత ఏం జరుగుతుందో జనానికి తెలుసు. పద్యం సగంమందికి నోటికి వచ్చు. వచ్చు కాబట్టే మళ్లీ కావాలన్నారు. తెలిసినది మళ్లీ వచ్చేటప్పుడు, అది వచ్చే క్షణం కోసం ముందే సిద్ధంగా కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. మీరు చేసే మాషప్ కూడా వన్స్‌మోరే. కాకపోతే ఇక్కడ కేక వేసేదీ అభిమానే, పద్యం మళ్లీ పాడేదీ అభిమానే.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తర్వాతి రోజుల్లో రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. రెండున్నర గంటల సినిమాను మాటలూ పాటలుగా గంటకు కుదించి వినిపించేవాళ్లు. బొమ్మ ఉండదు. సినిమా చూసినవాళ్లకు తలుపు గడియ చప్పుడు వినపడితే చాలు, ఆ గుమ్మం, ఆ వెలుగు, ఆ చీర రంగు అన్నీ వాటంతట అవే కళ్ల ముందుకు వచ్చేవి. ఎడిటర్లకు ఇది పెద్ద పాఠం. శబ్దం ఒక్కటే బొమ్మను పిలుచుకు రాగలదు. మీరు అన్నీ చూపించనక్కర్లేదు.

ఇంకోటి. ప్రొజెక్టరు గదిలో తెగిపోయిన రీలు ముక్కల్ని పిల్లలు ఏరుకొచ్చుకునేవాళ్లు. అద్దంతో ఎండను చీకటి గదిలోకి మళ్లించి, మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి భూతద్దంలా వాడి, గోడ మీద హీరో బొమ్మ వేసేవాళ్లు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి అడుగు ముక్క అంటే సెకనులో మూడింట రెండు వంతులు. ఈ 16ని గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ కావాలి. చిత్రం ఏమిటంటే అమెరికాలో కూడా ఈ కళ ఇలాంటి ముక్కలతోనే మొదలైంది. 1975లో కాండీ ఫాంగ్ అనే అభిమాని, స్టార్ ట్రెక్ సీరియల్ ఎడిటింగులో పక్కన పడేసిన ఫిల్ము ముక్కల్ని స్లైడ్లుగా మార్చి, పాటకు తగ్గట్టు ఒక్కొక్కటే తిప్పుతూ తోటి అభిమానులకు చూపించారు. 1982లో జిమ్ కపోస్టాస్ అనే ఆయన రెండు వీసీఆర్‌లు కలిపి, జపాన్ యానిమేషన్ బొమ్మల మీద వేరే పాట పేర్చారు. మీ ఫోన్లో కైన్‌మాస్టర్, వీఎన్, అలైట్ మోషన్ లాంటి ఎడిటింగ్ యాప్‌లు చేస్తున్నది ఆ పనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక ముక్క చూడగానే మొత్తం సినిమా ఎలా కదులుతుంది?

మన అలంకారశాస్త్రం దీనికి మంచి మాట ఇచ్చింది. నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన కాశ్మీరదేశపు అభినవగుప్తుడు, రసం పుట్టడానికి ప్రేక్షకుడిలో ముందే వాసనలు ఉండాలంటాడు. వాసన అంటే అనుభవాలు లోపల వదిలి వెళ్లిన ముద్ర. అది ఉన్నవాడే సహృదయుడు. వెయ్యేళ్ల కిందటి మాట, మాషప్‌కు అతికినట్టు సరిపోతుంది. మామూలు సినిమా తన వాసనను తానే తయారు చేసుకోవడానికి రెండు గంటలు తీసుకుంటుంది. మాషప్‌కు అంత టైము లేదు. వాట్సాప్ స్టేటస్ చాలాకాలం 30 సెకన్ల దగ్గరే ఆగింది, అందుకే మనవాళ్ల చెయ్యి 30కి అలవాటు పడింది. ఆ కాస్త టైములో కొత్తగా ఏడిపించడం ఎవరి వల్లా కాదు. పాత ఏడుపును గుర్తు చేయగలం.

రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు వందేళ్ల కిందట చేసిన ప్రయోగం మీరు వినే ఉంటారు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టాడు. ముఖం మారలేదు. చూసినవాళ్లు మాత్రం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశామన్నారు. రెండు షాట్ల మధ్య అర్థాన్ని చూసేవాడే నింపుకుంటాడు. మాషప్‌లో ఇంకో మెట్టు ఉంది. రెండో షాట్ మీరు పెట్టకపోయినా సరే, సినిమా చూసినవాడు దాన్ని తన జ్ఞాపకంలోంచి తెచ్చి పెట్టుకుంటాడు.

మరి గూస్‌బంప్స్? 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్లు జలదరించేవాళ్ల మెదడును పరీక్షించారు. డోపమైన్ అనే, మెదడుకు హాయినిచ్చే రసాయనం రెండుసార్లు విడుదలైంది. ఆ ఘట్టం వచ్చినప్పుడు మెదడులో ఒక చోట, అది రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు ఇంకో చోట. రెండోది మనకు ముఖ్యం. డ్రాప్, అంటే పాటలో బీటు ఒక్కసారిగా విరుచుకుపడే చోటు, దాని కంటే ముందుండే ఆ రెండు సెకన్లకు విలువ ఉంది. మొదటి సెకను నుంచే డ్రాపులు కురిపిస్తే ఎదురుచూపుకు చోటే ఉండదు. ఒళ్లు జలదరించదు, చెవులు అలిసిపోతాయి.

సరే, పనిలోకి దిగుదాం.

మాషప్ మొదలుపెట్టే ముందు సినిమా మొత్తం మళ్లీ చూడండి. యూట్యూబులో దొరికే సీన్ ముక్కలు చాలవు. కాగితం దగ్గర పెట్టుకుని, మీ ఒళ్లు ఎక్కడ కదిలిందో ఆ టైమ్‌కోడ్, అంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకను అన్నది, రాసుకోండి. దాని పక్కనే, ఆ క్షణం పనిచేయడానికి సినిమాలో అంతకుముందు ఏ షాట్ నాటారో అది కూడా రాయండి. ఇంటర్వెల్లో హీరో చేతికి తాయెత్తు కనపడగానే థియేటర్ ఊగిపోయిందంటే, మొదటి పావుగంటలో ఎవరో ఆ తాయెత్తు కట్టారని అర్థం. చాలామంది ఇంటర్వెల్ షాట్ ఒక్కటే తీసుకుని, ఎంత షేక్ కొట్టినా రావట్లేదేంటని బాధపడతారు. కట్టిన షాట్‌ను ఒక సెకను చూపించండి, మిగతా పని దానంతట అదే అవుతుంది. రెండున్నర గంటల సినిమాకు ఇలాంటి జంటలు ఎనిమిది పది దొరికితే చాలు, 30 సెకన్లకు మూడు జంటల కంటే పట్టవు.

ఒక సీన్ దగ్గరగా చూద్దాం. ఇది సాధన కోసం అనుకున్న సీన్, ఏ సినిమాలోదీ కాదు. కొడుకు ఆరేళ్ల కిందట గొడవపడి ఇల్లు వదిలి వెళ్లాడు. ఇప్పుడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల తల్లి అన్నం వడ్డిస్తోంది. అలికిడి అయింది. ఆవిడ తల ఎత్తలేదు. చేతిలో గరిట గిన్నె అంచుకు తగిలి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి, "కాళ్లు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతుంది" అంది.

దీన్ని ఎక్కువమంది ఎలా కడతారో మీకు తెలుసు. కొడుకు నడక మూడు యాంగిల్స్‌లో స్లో-మో, ముఖం మీద బేస్ డ్రాప్, తల్లి కన్నీళ్లు, చివర పేరూ లోగో. పడదు. ఎందుకంటే సినిమాలో చూసినవాడికి గుర్తున్నది నడక కాదండీ, గరిట.

ఇప్పుడు పాట వేగం 90 బీపీఎం అనుకోండి. నిమిషానికి 90 దెబ్బలు, సెకనుకు 24 ఫ్రేములు. దెబ్బకూ దెబ్బకూ మధ్య సరిగ్గా 16 ఫ్రేములు. పిల్లలు ఏరుకున్న ఆ అడుగు ఫిల్ము ముక్కన్నమాట. మొత్తం 30 సెకన్లు, 720 ఫ్రేములు.

మొదటి 48 ఫ్రేములు పాట పెట్టొద్దు. గిన్నెల చప్పుడు ఒక్కటే. చూసేవాడు అప్పటికే ఆ వంటింట్లోకి వెళ్లిపోతాడు. 48వ ఫ్రేము నుంచి పాట మెల్లగా. దాని మీద పాత షాట్లు ఆరు, ఒక్కొక్కటి రెండు దెబ్బలు, అంటే 32 ఫ్రేములు. చిన్నప్పుడు అదే పీట, అదే తల్లి అన్నానికి పిలవడం, గొడవ రోజున తోసేసిన కంచం. 240 దగ్గరికి వచ్చాం. అక్కణ్నుంచి నాలుగు దెబ్బలు, 64 ఫ్రేములు, గుమ్మంలో పడ్డ నీడ. కొడుకు ముఖం చూపించొద్దు. 304కి గరిట షాట్ మొదలు. సినిమాలో ఆ షాట్ 58 ఫ్రేములుంటే 58 ఫ్రేములూ ఉంచండి. ఇక్కడ బీటుకు కోయకూడదు. షాట్‌ను అటూ ఇటూ జరిపి, గరిట అంచుకు తగిలే ఫ్రేము 320లో, అంటే దెబ్బ మీద పడేలా చూసుకోండి. తగిలిన చప్పుడు దెబ్బలో కలిసిపోవాలి. అక్కడితో పాట తగ్గుతూ వచ్చి, షాట్ అయ్యేలోపు ఆగిపోవాలి.

362 నుంచి తల్లి ముఖం. 10 ఫ్రేములు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ ఊపిరి తీసుకుంటుంది, 7 ఫ్రేములు. దయచేసి ఈ ఊపిరిని కోయకండి. టైమ్‌లైన్ మీద వేవ్‌ఫామ్, అంటే శబ్దాన్ని చూపించే గీత, సన్నగా ఉంటుంది, ఖాళీ అనుకుని మాట మొదటి అక్షరం దగ్గర కత్తెర వేస్తారు. అప్పుడు మాట రేడియో ప్రకటనలా వచ్చి పడుతుంది. ఊపిరి ఉంటే అది ఒక మనిషి నోట్లోంచి వస్తుంది. తర్వాత డైలాగ్, ఒక 60 ఫ్రేములు. డైలాగ్ అయ్యాక కూడా 24 ఫ్రేములు పాట వెనక్కి రానివ్వొద్దు. చూసేవాడికి గొంతులో ఏదో అడ్డంపడేది ఆ ఒక్క సెకనులోనే. 463 దగ్గర పల్లవి ఎత్తుకోవాలి, అప్పుడే కొడుకు ముఖం మొదటిసారి కనపడాలి. నాలుగైదు పొడవాటి షాట్లు చాలు. చివరి 80 ఫ్రేములు కొడుకు పీట మీద కూర్చోవడం, పాట తోక దానంతట అది అణిగిపోవడం. పేరు వేసుకోవాలనుంటే మూలన చిన్నగా, మొదటి రెండు సెకన్లలోనే వేసి తీసేయండి. ఏడుస్తున్న మనిషి ముందు విజిటింగ్ కార్డు పెట్టకూడదు.

బీట్ లెక్క గురించి ఇంకొంచెం. 120 బీపీఎం అయితే దెబ్బకు 12 ఫ్రేములు, హాయి. 100 అయితే 14.4. ఇక్కడే కొంప మునుగుతుంది. 14 చొప్పున కోసుకుంటూ పోతే పది దెబ్బలకు 4 ఫ్రేములు ముందుకు జరిగిపోతారు. మొదట్లో బాగుండి చివరికొచ్చేసరికి ఏదో తేడా కొడుతోందంటే కారణం ఇదే. లెక్కగా కోయకుండా దెబ్బల మీద మార్కర్లు పెట్టుకుని, ఒక్కో కట్‌ను మార్కరుకు అతికించండి.

కట్ సరిగ్గా దెబ్బ మీద పడాలా? ఒకటి రెండు ఫ్రేములు ముందు పడితేనే బాగుంటుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారాల కోసం ఇచ్చిన కొలతలున్నాయి. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, వెనకొస్తే మాత్రం 125 దాకా పట్టించుకోడు. ఒక ఫ్రేము అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. దూరంగా పిడుగు పడితే మెరుపు ముందు, ఉరుము తర్వాత. మన చెవి ఆ వరసకు అలవాటు పడింది. కాబట్టి బొమ్మ కొంచెం ముందున్నా ఫర్వాలేదు, శబ్దం ముందుంటేనే చెడుతుంది.

ఇప్పుడు మీలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఎడిట్ చేసేవాళ్లు జాగ్రత్తగా వినండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. వీడియో ప్లేయర్లు దాన్ని సర్దుకుంటాయి, ఎడిటింగ్ యాప్ టైమ్‌లైన్ అన్నిసార్లూ సర్దదు. మీరు విన్న దెబ్బకు కట్ పెట్టారు, అది అసలు దెబ్బకు నాలుగైదు ఫ్రేముల వెనక పడింది. ఇక ఎవరు స్పీకర్లో చూసినా శబ్దం ముందు, బొమ్మ వెనక. సరిగ్గా చెవి ఒప్పుకోని వైపుకే తప్పు జరిగింది. వంద రూపాయల వైరు ఇయర్‌ఫోన్లు దీనికంటే నయం.

శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే గుర్తు తెచ్చేది ఎక్కువగా అదే. డైలాగ్ కింద పాటను ఉన్నదాని కంటే ఓ 12 డెసిబెల్స్ తగ్గించండి. తగ్గడం మాటకు 8 ఫ్రేముల ముందే మొదలవ్వాలి, పెరగడం నిదానంగా 20 ఫ్రేముల్లో జరగాలి. మీ దగ్గర 5.1 ఆడియో, అంటే ఒక్కో స్పీకరుకూ విడి ఛానెల్ ఉన్న ఆడియో, ఉంటే డైలాగ్ దాదాపుగా సెంటర్ ఛానెల్లోనే ఉంటుంది. ఆ ఒక్క ఛానెల్ తీసుకుంటే బీజీఎం చాలావరకు వదిలిపోతుంది. స్టీరియో మాత్రమే ఉంటే మాటను విడదీసే ఏఐ టూల్సే గతి. అవి మాటను లాగేటప్పుడు స, శ, ష అక్షరాల దగ్గర నీళ్లలో మాట్లాడినట్టు వస్తుంది. అలాంటి చోట పూర్తిగా విడదీయకండి. అసలు ట్రాక్‌ను సన్నగా కింద కలిపి ఉంచితే ఆ లోపం కప్పుకుపోతుంది, పైగా సినిమాలోని గది గాలి, అంటే మాటల వెనక ఆ చోటుకుండే సన్నని చప్పుడు, మిగులుతుంది. ఆ గది గాలి కూడా జ్ఞాపకమే.

డ్రాప్‌ను ఫోను స్పీకర్లో విని చూడండి. ఆ చిన్న స్పీకరుకు లోతైన బేస్ పలకదు. మీ హెడ్‌ఫోన్లో గుండె దడదడలాడించినది స్టేటస్‌లో చూసేవాడికి ఖాళీగా వినపడుతుంది. దాని మీద చప్పట్లాంటి, తలుపు కొట్టినట్టుండే పై శబ్దం ఒకటి కలపండి. ఇక సౌండ్ ఎంత పెంచినా యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది. అరిపించి లాభం లేదు. థియేటర్ ఈలలు కలిపేవాళ్లు కూడా ఉన్నారు. ఎంట్రీ షాట్‌కు కలపండి, చాలా బాగుంటుంది. తల్లి గరిట మీద మాత్రం వద్దు.

బొమ్మ సంగతి కొంచెం తొందరగా. సినిమాస్కోప్ బొమ్మ ఫుల్ హెచ్‌డీ ఫైల్లో నల్ల పట్టీలు తీసేస్తే సుమారు 1920 బై 804. దాన్ని నిలువు 9:16కి కోస్తే వెడల్పు 452 పిక్సెళ్లే మిగులుతుంది. దాన్ని 1080కి సాగదీస్తారు, అంటే 2.39 రెట్లు. కళ్లల్లో తడి ఉందో లేదో కూడా తెలియనంత మసకైపోతుంది. 4కే మూలం ఉంటే సాగదీత 1.19 రెట్లే. లేకపోతే చతురస్రంగా కోయండి, 1.34తో పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా ఉన్న సీన్ అయితే తెరను పైనా కిందా రెండు సగాలు చేసి, పైన తల్లి, కింద కొడుకు. ఒక్కో సగానికి 905 బై 804 కోత కావాలి, సాగదీత మళ్లీ 1.19కే వస్తుంది. ఇద్దరి ముఖాలూ దక్కుతాయి.

ప్రాజెక్టును సెకనుకు 24 ఫ్రేముల్లో పెట్టుకోండి. చాలా ఫోన్ యాప్‌లు అడక్కుండానే 30 పెట్టేస్తాయి. అప్పుడు ప్రతి నాలుగు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు వస్తుంది, కెమెరా పక్కకు తిరిగే షాట్లు కుంటుతాయి. స్లో-మో కోసం ఆప్టికల్ ఫ్లో వాడితే లేని ఫ్రేముల్ని యాప్ ఊహించి గీస్తుంది. వేళ్ల దగ్గర, వాన దగ్గర, ఊగే జుట్టు దగ్గర జావ కారినట్టు అవుతుంది. అప్పటికే సినిమాలో స్లోగా ఉన్న షాట్‌ను ఇంకాస్త స్లో చేస్తే నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కదలిక చిన్నది. గబగబా కదిలే షాట్‌ను పావు వేగానికి లాగకండి. కలర్ విషయంలో నా అభిప్రాయం గట్టిది: పసుపుగా తీసిన సినిమాను నీలం చేయకండి. చూసేవాడికి ఆ సినిమా పసుపుగానే గుర్తుంది. ఎక్స్‌పోర్ట్ 1080కి 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు) తగ్గకుండా పెట్టి, అందరికీ అసలు ఫైలే పంచండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని మళ్లీ వాట్సాప్‌లో వేసుకుంటూ పోతే నాలుగో చేతికి ముఖం మిగలదు.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. కాపీరైట్ పట్టుకోకుండా బొమ్మను అద్దంలోలా తిప్పేస్తారు, పాటను అర శ్రుతి పెంచుతారు. కాపీరైట్ ఉన్న పాటల్నీ బొమ్మల్నీ తనంతట తానే పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ 2007 నుంచి ఉంది, ఇలాంటివి చాలావరకు దానికి తెలుసు. అది పట్టుకున్నా పట్టుకోకపోయినా, చూసే అభిమాని మాత్రం పట్టుకుంటాడు. ఎడమ భుజం మీది పైట కుడికి పోతుంది. వాచీ కుడిచేతికి వస్తుంది. వెనక దుకాణం బోర్డు మీద తెలుగు తిరగబడుతుంది. వందసార్లు విన్న పాట అర మెట్టు పైనుంచి మొదలైతే, కారణం చెప్పలేకపోయినా లోపల ఏదో అతకదు. జ్ఞాపకాన్ని లేపుదామని కూర్చుని, దానికి గుర్తుపట్టడానికి వీల్లేని ముఖం చూపిస్తున్నామన్నమాట. అంతకంటే ఉన్నదున్నట్టు పెట్టి, క్లెయిమ్ వస్తే రానివ్వండి. క్లెయిమ్ అంటే ఆదాయం హక్కుదారుకు పోవడమో, వీడియో కనపడకపోవడమో. స్ట్రైక్ వేరు, అది హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే తప్పు మార్కు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. కింద "కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు" అని రాసినంత మాత్రాన ఏ రక్షణా లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల వంటివి కొన్ని మినహాయించింది. అభిమానంతో చేశామన్నది అందులో లేదు.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

సినిమా చూడనివాళ్లకు కూడా ఎక్కేలా చేయాలంటే ఎలా అంటున్నారు. చేయొచ్చమ్మా, కానీ అది వేరే పని, ట్రైలర్ పని. అందులో మొదటి ఐదారు సెకన్లు వీళ్లెవరు, ఒకరికొకరు ఏమవుతారు అన్నది చెప్పాలి. గరిట షాట్‌కు ముందు తల్లి చేత ఒక మాట అనిపించాలి. 30 సెకన్లలో రెండు పనులూ పెట్టుకుంటే చూసినవాడికి చప్పగా, చూడనివాడికి అయోమయంగా ఉంటుంది. ఎవరి కోసమో ముందే తేల్చుకోండి. చూసినవాళ్ల కోసం చేసినది చూడనివాళ్లను కూడా ఒక్కోసారి సినిమా దాకా లాక్కెళుతుంది, అది నిజం. పక్కవాడి కళ్లు చెమ్మగిల్లడం చూస్తే, ఏముందో చూద్దామనిపించడం సహజం కదా. 2022 నుంచి పాత సినిమాల రీ-రిలీజులు ఊపందుకున్నాయి. ఆ హాళ్లలో సినిమా విడుదలైనప్పటికి పుట్టని పిల్లలు కూడా డైలాగు ముందే చెప్పేస్తున్నారు. అవి వాళ్లకు ఎక్కడ వంటబట్టాయో ఆలోచించండి.

ఆ చివర తమ్ముడు. గాంధీనగర్ థియేటర్లో మొదటి రోజు ఫోన్లో తీసిన ఎంట్రీ షాట్‌ను మాషప్‌లో వాడొచ్చా అని. వద్దు నాన్నా. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. థియేటర్లో తెరను అనుమతి లేకుండా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. అది సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా కూడా వెళ్లొచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఆ షాట్ కోసం టికెట్ కొనుక్కుని రేపు వెళ్లబోయేవాడి మొదటి చూపును నువ్వు ఇవాళే తీసేసుకుంటున్నావు. మాషప్ బతికేదే ఆ మొదటి చూపు మీద. రేపు వాడిలో వాసన లేకపోతే, ఆర్నెల్ల తర్వాత నువ్వు చేసే మాషప్‌కు ఏడ్చేదెవరు? ఆగు. ఓటీటీలోకి వచ్చాక చెయ్యి, అప్పటికి బొమ్మ కూడా నిఖార్సుగా ఉంటుంది. ఈలోపు టీజరు, పాటలు అధికారికంగా వదిలినవి ఉన్నాయి కదా, వాటితో చేతికి పని చెప్పు.

సరే, ఇక వైరు ఇయర్‌ఫోన్లు తీయండి. ప్రాజెక్టు 24లో ఉందో లేదో పక్కవాళ్లది కూడా చూడండి. ముందు గరిట అంచుకు తగిలే ఫ్రేము వెతుకుదాం.